వంటింటి డ్యూటీ చార్టు

బస్సు డిపోలో డ్రైవర్లకు డ్యూటీలు వేసేది నేనే. నూట పది మంది మగాళ్లు ఏ బస్సు ఎక్కాలో, ఎన్నింటికి ఎక్కాలో ఎనిమిదేళ్లుగా చెబుతున్నాను. ఇంట్లో ఉన్న ఒక్క మగాణ్ణి మాత్రం వంటగది గడప ఎక్కించలేకపోయాను. ఆయనా మా డిపో డ్రైవరే. మధ్యాహ్నం షిఫ్టు.

ఆ వారం రెండు సంగతులు జరిగాయి. మా మూడేళ్ల బుడ్డోడి పొట్ట నొక్కి చూసిన డాక్టరు, "వీడిలో నూడుల్సూ బిస్కెట్లూ తప్ప ఇంకేం లేవమ్మా. పాకెట్లు మానేసి ఇంట్లో వండిపెట్టండి," అన్నాడు. ఆ మర్నాడే మేనేజరు పిలిచి, ఉదయం బస్సులు బయటికి పంపే కంట్రోలర్ కుర్చీ ఖాళీ అవుతోందని చెప్పాడు. డిపోలో చేరినప్పటి నుంచీ నేను కన్నేసిన కుర్చీ అది. కాకపోతే తెల్లవారుజామున నాలుగున్నరకల్లా అందులో ఉండాలి. శనివారంలోగా ఏ సంగతీ చెప్పమన్నాడు.

అంటే పొద్దున పిల్లల తిండీ, స్కూలు డబ్బాలూ మా ఆయన చేతిలో పడతాయన్నమాట. ఆయనకు నీళ్లు కాచడం వచ్చు, ఏ గిన్నెలో అని అడిగాక.

"బుధ, గురు, శుక్రవారాలు పొద్దున నేను ఇంట్లో లేనట్టే లెక్క," అన్నాను. "ఈ మూడు పూటలూ నువ్వు నెగ్గుకొస్తే ఆ కుర్చీ తీసుకుంటాను. లేకపోతే వదిలేస్తాను."

"మూడు పూటలేగా," అన్నాడు, కొండ మలుపుల్లో బస్సు తిప్పినవాడి ధీమాతో.

డిపోలో వేసినట్టే చార్టు వేసి ఫ్రిజ్ మీద అంటించాను. రోజు, సమయం, వండాల్సినవి, డ్రైవరు, స్పేర్. అసలు డ్రైవరు పనికిరాకపోతే బండి ఎక్కాల్సినవాడు స్పేర్. పిల్లలకు కూడా అర్థం కావాలని డ్రైవరు గడిలో 'నాన్న' అని రాశాను. స్పేర్ గడిలోనూ 'నాన్న' అనే రాశాను, ఇంకెవరున్నారు గనక.

అత్తయ్య ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. ఆరింటికే బయలుదేరాలి. చార్టు మొత్తం చదివి, "తినేవాళ్ల గడి లేదేం అమ్మాయ్?" అంది.

"మనమే అత్తయ్యా."

"నాకింకా కొన్నాళ్లు బతకాలనుంది. నేను క్యాంటీన్‌లో తింటాలే."

బుధవారం బంగాళాదుంపలు పైన మాడి లోపల పచ్చిగా వచ్చాయి. బుడ్డోడు ముద్దను నాన్న చొక్కా మీదకే ఉమ్మాడు. నేను స్నానానికి వెళ్లి వచ్చేసరికి వాడు కిక్కురుమనకుండా తింటున్నాడు. ఏం మంత్రం వేశాడా అనుకున్నాను. మా ఆయన యూనిఫాం సంచీలో ఖాళీ నూడుల్స్ పాకెట్ దొరికింది. ఆ సాయంత్రం వాడు పొట్ట పట్టుకుని ఏడుస్తుంటే, మేనేజరుకు కుదరదని ఎలా చెప్పాలో మనసులోనే వల్లె వేసుకున్నాను.

గురువారం మా ఆయన నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. డ్యూటీ మార్పిడి చీటీ. డిపోలో ఒక డ్రైవరు తన డ్యూటీ ఇంకొకరికి అప్పగించాలంటే ఇద్దరూ సంతకాలు పెట్టి నాకిస్తారు. ఎందుకని నేను అడగను. రెండో సంతకం అత్తయ్యది. ఆవిడకు ఆరోజు సెలవు.

"రాత్రికి నా కాళ్లు పిసుకుతానన్నాడు," అంది అత్తయ్య, గుడ్లు పగలగొడుతూ. "పిసికినప్పుడు చూడాలి."

శుక్రవారం అత్తయ్య వెళ్లిపోయాక ఇంకో చీటీ వచ్చింది. రెండో సంతకం ఉండాల్సిన చోట మీసాలున్న పిల్లి బొమ్మ ఉంది. మా ఆరేళ్ల పెద్దది అన్నిటికీ అదే వేస్తుంది.

"దీనికేం ఎర వేశావ్?"

"ఆదివారం బస్సులో ముందు సీటు, రెండుసార్లు హారన్. చీటీ ఇచ్చాను, సంతకాలున్నాయి. ఎందుకని అడగవుగా మేడం," అని దుప్పటి ముసుగేసుకున్నాడు.

నేను ముందుగదిలోకి పోయి పేపరు తెరిచాను. తలకిందులుగా ఉందని కాసేపటికిగానీ తెలియలేదు. అయిపోయింది నా కుర్చీ అనుకున్నాను.

స్కూలు బట్టల్లో పెద్దది వంటగదిలోకి వెళ్లింది. స్టూలు ఫ్రిజ్ దగ్గరికి జరిగిన చప్పుడైంది. కాసేపటికి పడకగదిలోంచి దాని గొంతు వినిపించింది.

"నాన్నా, నాకు లైసెన్స్ లేదు."

"ఏం లైసెన్సే?"

"పొయ్యి లైసెన్స్. ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానని నానమ్మ చెప్పింది. డ్రైవరు పనికిరాకపోతే స్పేర్ ఎక్కాలంట. స్పేర్ ఎవరో చదివాను. నా...న్న."

దుప్పటి కదిలింది. "నీ నోరు అచ్చం మీ అమ్మదే," అంటూ మా ఆయన లేచాడు.

ఆ తర్వాత పెత్తనమంతా దానిదే. దుంపలు చిన్న ముక్కలు కొయ్యమంది, మంట తగ్గించమంది, మూత పెట్టమంది. బఠాణీలు వలవమని బుడ్డోడి ముందు గిన్నె పెట్టారు, కాళ్లకు అడ్డం పడకుండా. ఏదో గిన్నె దొర్లింది. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

"కూరగాయలవాడు మోసం చేశాడే. అన్ని కాయలకి గుప్పెడు గింజలా?" అంటున్నాడు మా ఆయన.

"తొక్కలు చూడు నాన్నా, ఎన్నున్నాయో."

"ఒరేయ్, నోరు తెరు."

నేను ఆగలేక గుమ్మం దాకా వెళ్లాను. బుడ్డోడు నోరు తెరిచాడు. నాలుక మీద, పళ్ల సందుల్లో, అంతా పచ్చగా ఉంది. పచ్చగా ఉన్నదేదైనా ఇంతవరకు నా మీదకే విసిరికొట్టిన వెధవ వీడు.

"నువ్వు ఇంట్లో లేవు," అన్నాడు మా ఆయన, గరిట నావైపు చూపిస్తూ. వెనక్కి వచ్చేశాను.

దుంపలు, గుడ్లు, మిగిలిన బఠాణీలు. అడుగు కొంచెం అంటింది. బుడ్డోడు ఆ మాడు కూడా గీకించుకుని తిన్నాడు. డబ్బాల మూతలు తారుమారయ్యాయి గానీ, డబ్బాలు స్కూలుకు వెళ్లాయి. సాయంత్రం డిపో నుంచి వచ్చాక వాడి పొట్ట వైపే చూస్తూ కూర్చున్నాను. గాలి తప్ప ఏమీ రాలేదు, అదీ ధారాళంగా. ఏడవలేదు.

అత్తయ్య వచ్చి గిన్నెలో మిగిలింది నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. "ఉప్పు సరిపోయింది. వండింది వీడేనా?" అంది.

శనివారం మేనేజరుతో సరేనన్నాను. "పిల్లల్ని ఎవరు చూస్తారమ్మా?" అన్నాడు.

"స్పేర్ ఉన్నాడు సార్."

ఒకటో తేదీ ఉదయం ఏడింటికి కంట్రోల్ గదిలో ఫోన్ మోగింది. "గుడ్లు ఎంతసేపు ఉడకాలి?"

"డ్యూటీలో ఉన్నవాడు ఫోన్ మాట్లాడకూడదు," అన్నాను.

అవతల్నుంచి పెద్దదాని గొంతు: "నాన్నా, పెట్టెయ్. పొంగుతోంది." లైను తెగింది.

కిటికీ బయట పన్నెండో నంబరు బస్సు డ్రైవరు నిలబడి ఉన్నాడు. మార్పిడి చీటీ లోపలికి తోశాడు. సంతకాలు రెండూ ఉన్నాయి. నేను స్టాంపు చేతిలోకి తీసుకుని, ఎనిమిదేళ్లలో మొదటిసారి, "ఎందుకు?" అని అడిగాను.