సంపంగి కాలి కట్టు

గోరిమేడు పెద్దాసుపత్రిలో ముప్పై ఏళ్లు కట్లు కట్టి రిటైరైన మంగళానికి ఒక్కటే గర్వం, తన చేతిలో పడిన పుండు మానకుండా పోదని. ఒర్లియంపేటలో ఆమె ఉండే వీధిలో ఎవరికి దెబ్బ తగిలినా ముందు ఆమె గడప తొక్కాలి. తొక్కకపోతే ఆమెకు కోపం.

అలాంటి మనిషి సొంత తమ్ముడి గుర్రానికే గాయమైతే ఊరుకుంటుందా? అళగేశన్ పెళ్లి ఊరేగింపులకు గుర్రం నడుపుతాడు. పెళ్లాంబిడ్డల్లేని అతనికి ఏడేళ్లుగా సంపంగి అనే ఆ తెల్ల ఆడగుర్రమే లోకం. ఒక ఊరేగింపులో రేకు కోసుకుని దాని ముందుకాలు మోకాలి కింద నాలుగు వేళ్ల వెడల్పున చీలింది. పశువుల డాక్టరు అముద గాయం కడిగి, సూది వేసి, వారానికోసారి తెచ్చి చూపించమంది. ఆ మాటను అక్కాతమ్ముళ్లిద్దరూ ఆసుపత్రి గేటు దగ్గరే వదిలేసి వచ్చారు.

"మనకు ఇంట్లోనే ఆసుపత్రి ఉండాది కదక్కా," అన్నాడు అళగేశన్.

మంగళం రోజు విడిచి రోజు గుర్రం పక్కన పీట వేసుకుని కూర్చునేది. ఉప్పునీళ్లతో కడిగి, మందు గుడ్డ పరిచి, దూది మందంగా చుట్టి, పైన సాగే కట్టు కట్టేది. బిగువైతే నరం నలుగుతుంది, వదులైతే జారుతుంది. ఆ పాళం ఆమె వేళ్లకు తెలుసు. సంపంగి కదలకుండా ఆమె భుజం మీద ముక్కు ఆనించి వెచ్చగా ఊపిరి వదిలేది. "నా తల్లే, నా బంగారే," అంటూ మంగళం పని చేసుకుపోయేది. ఆ గుర్రమంటే ఆమెకూ ప్రాణమే, పైకి చెప్పేది కాదంతే.

రెండు వారాలకు పుండు నిండా ఎర్రటి కండ వచ్చింది. మంగళం పొంగిపోయింది. మనుషుల వార్డులో పెద్ద నర్సులు నేర్పిన పాఠం మరి అది: నలుపు చెడ్డది, పచ్చన చీము, ఎరుపు కనిపిస్తే గట్టెక్కినట్టే. వీధిలోవాళ్లను పిలిచి మరీ చూపించింది. నెల తిరిగేసరికి ఆ కండ చర్మం మీదికి లేచి పూరీలా ఉబ్బింది, ముట్టుకుంటే రక్తం. ఆమెకు లోపల గుబులు పుట్టింది. అయినా తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు కదా! కండ ఎంత వస్తే అంత మంచిదని సర్దిచెప్పుకుంది. చివరికి సంపంగి కుంటుతుంటే అళగేశనే భయపడి డాక్టరు దగ్గరికి బయల్దేరాడు. మంగళం దూది సంచి పట్టుకుని వెంట వెళ్లింది.

కట్టు విప్పి చూసిన అముద మొహం ముడుచుకుంది. "ఎవరు చూశారు దీన్ని? మనిషికి ఎర్రకండ మంచిదే. గుర్రానికి మోకాలి కింద అది ఆగదు, పెరుగుతూనే ఉంటుంది. దాన్ని దాటి చర్మం పెరగదు. వారం వారం తెచ్చుంటే కాస్త మందుతో పోయేది. ఇప్పుడు కొయ్యాలి. కాలు మునుపట్లా అవుతుందని మాటివ్వలేను."

"నేనే మేడమ్," అన్నాడు అళగేశన్ గబుక్కున. "తెలీక నేనే కట్టినాను."

గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చావని అముద అతన్ని దులిపేసింది. మంగళం పక్కనే ఉంది. దూది సంచిని చీర చెంగు కింద దాచుకుంది. ముప్పై ఏళ్ల పేరు ఒక్క మాటతో పోతుందని భయపడింది, ఆ భయానికి సిగ్గుపడింది కూడా.

గుర్రానికి మత్తుసూది వేసి, నిలబెట్టే ఆ కండను చర్మం మట్టానికి కోశారు. దానికి నరాలుండవు కాబట్టి నొప్పి లేదట. రక్తం మాత్రం ధారగా కారింది. అముద గాయం మీద గుడ్డ అదిమి, "కట్టు తీరు మాత్రం బాగుందయ్యా, ఎక్కడా వాపు లేదు. అలాగే కట్టు," అని అళగేశన్‌కు దూది అందించింది.

అతను వంగాడు. దూది ఒక పక్కకు, కట్టు ఒక పక్కకు జారిపోయాయి. మళ్లీ చుట్టాడు, మళ్లీ జారింది. చెమటలు పట్టినా అక్క వైపు ఒక్కసారైనా చూడలేదు.

మంగళం ఇక తట్టుకోలేకపోయింది. "వాడికి చొక్కా గుండీ పెట్టుకునేదే సరిగ్గా రాదు డాక్టరమ్మా. కట్టింది నేను. వార్డులో నేర్చుకున్న గర్వంతో నేనే చెడగొట్టినాను."

అముద ఒక క్షణం ఆమెను చూసి పక్కకు జరిగింది. "అయితే మీరే కట్టండమ్మా. ఇకమీదట మధ్యలో కండ చూడొద్దు, అంచు చూడండి. చర్మం అక్కణ్ణుంచే రావాలి. వారం వారం నాకు చూపించాలి."

ఆ తర్వాత ఒక్క వారమూ తప్పలేదు. మధ్యలో ఇంకోసారి కొయ్యాల్సి వచ్చింది. అంచున ఉల్లిపొరలాంటి చర్మం మొదలై, లోపలికి జరిగి జరిగి, నాలుగో నెల్లో పుండు మూసుకుంది. కట్టు అక్కర్లేదని అముద చెప్పిన రోజు సంపంగి కుంటకుండా ఇంటిదారి పట్టింది.

పక్కన నడుస్తూ మంగళం అన్నాళ్లు మింగుకున్న మాట అడిగింది. "ఏంట్రా, ఆ పొద్దు నామీద రాకుండా నీమీద ఎందుకేసుకున్నావు? నావల్ల గుర్రం పోయుంటే ఏంది గతి?"

"పోయుంటే ఏడ్చేవాణ్ని," అన్నాడు అళగేశన్. "నువ్వు తల దించుకుంటే నాకు ఏడవను కూడా రాదక్కా."

మంగళం నడివీధిలో ఆగిపోయి, యాభై దాటిన తమ్ముడి తల భుజానికి లాక్కుని ఏడ్చింది.