రేకు మందం

మొగిలయ్య కండెను రేకు రంధ్రంలోకి దించి, అది కదలకుండా నిలిచేదాకా మెల్లగా తిప్పాడు. నాలుగో గీత దగ్గర నిలిచింది. చూపు తిప్పకుండానే పక్కనున్న చెక్కపెట్టెలోని నాలుగో అరలో చెయ్యి పెట్టి రబ్బరు బుష్షు ఒకటి తీశాడు. సబ్బు నీళ్లలో ముంచి, దాని చుట్టూ ఉన్న గాడిని రంధ్రం అంచుకు ఒక పక్క ఆనించి, మిగతాదాన్ని బొటనవేళ్లతో లోపలికి నెట్టాడు. పసిపిల్లకు అంగీ తొడిగినంత నిదానంగా, ముందు ఒక చెయ్యి, తర్వాత ఇంకో చెయ్యి.

ఆ కండె మరమగ్గాల షెడ్డు వెనక చెత్తలో దొరికింది. నూలు చుట్టే కట్టె కండె. ఒక కొన చిటికెన వేలంత, రెండో కొన బొటనవేలి కంటే లావు. దాని మీద చాకుతో తొమ్మిది గీతలు గీసుకున్నాడు. గీతకో సైజు. సిరిసిల్లలో జలపతి రావు పెట్టిన స్టార్టర్ డబ్బాల షాపులో పదకొండేళ్లుగా అతని పని ఇదే. వ్యవసాయ మోటర్లను నడిపే ఇనుప డబ్బాలవి. తీగ లోపలికి పోయే ప్రతి రంధ్రానికీ రబ్బరు బుష్షు ఉండాలి, లేకపోతే రేకు అంచు తీగ తొడుగును కోస్తుంది. తీగ పోని రంధ్రానికి మూత ఉండాలి, లేకపోతే బల్లులు, కందిరీగలు కాపురం పెడతాయి. డబ్బా కొనేవాళ్లు పచ్చ బటను చూస్తారు, ఎర్ర బటను చూస్తారు. బుష్షును చూసినవాడు ఇంతవరకూ లేడు. అది మొగిలయ్యకు లోటుగా తోచలేదు.

సన్నటి మనిషి. యాభై ఎనిమిదేళ్లు. రబ్బరును నొక్కీ నొక్కీ బొటనవేళ్లు చెంచాల్లా చదునయ్యాయి. కళ్లద్దాల కాడ విరిగితే నూలుదారం చుట్టి అలాగే పెట్టుకుంటున్నాడు. వాడలో ఏ సైకిల్ హ్యాండిల్ కొన బోసిగా కనిపించినా మరునాటికి దానికి మూత పడేది. ఇంట్లో మంచం పైపులకు, రేడియో వెనక విరిగిన మూలకు, ఎలుక తొలిచిన తలుపు సందుకు, అన్నిటికీ మూతలే. ఆ పొద్దున కూడా గంజి పోస్తూ భార్య దేవవ్వ అన్నది: "ఇంట్ల ఇగ నా నోరొక్కటే మిగిలింది. దానికి గుడ ఓ మూత తేరాదు."

"గా సైజు ఇంక తయారు కాలే" అన్నాడు మొగిలయ్య. పళ్లెం కడిగేటప్పుడు కూడా దేవవ్వ నవ్వుతూనే ఉంది.

మధ్యాహ్నం పన్నెండు దాటింది. మొన్న బుష్షులు వేసి పెట్టిన డబ్బాలకు తీగలు ఎక్కిస్తున్నాడు. రెండో డబ్బాకు తీగ లాగేసరికి బుష్షు కూడా దాంతో పాటే ఊడి చేతిలోకి వచ్చింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ లాగాడు. మళ్లీ వచ్చింది. కండె దించి చూస్తే నాలుగో గీత దగ్గరే నిలిచింది. రంధ్రంలో తప్పు లేదు. అప్పుడు అంచును రెండు వేళ్ల మధ్య పట్టి చూసుకున్నాడు.

రేకు పల్చన.

పదకొండేళ్లలో రేకు ఎప్పుడూ మారలేదు కాబట్టి రంధ్రం కొలిచాడే గానీ అంచు మందం కొలవలేదు. గాడి వెడల్పు, అంచు సన్నం. మధ్యలో దారం పట్టేంత సందు. మొన్న రంగు పచ్చిగా ఉండి రబ్బరును పట్టుకుంది. రంగు ఆరింది, పట్టు పోయింది.

ఈ రకం డబ్బాలు ఆరు చేశారు. షాపులో ఐదే ఉన్నాయి.

జలపతి రావు బల్ల దగ్గర పేపరు చదువుతున్నాడు. చందుర్తి అవతలి ఊరికి ఒకప్పటి దొర. ఎర్రజెండాలు ఊళ్లోకి వచ్చాక గడికి తాళం వేసి, పొలం కొంత అమ్మి, సిరిసిల్లలో తేలాడు. మొగిలయ్యదీ ఆ ఊరే. ఊళ్లో ఉన్నప్పుడు "మొగిలిగా" అని కేకేసేవాడు. సిరిసిల్లలో అది "మొగిలయ్యా" అయింది. ఆ చివరి అక్షరాలు ఎవరి భయంతో వచ్చాయో ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు.

"రేకు మారింది, దొరా."

"కొంచెం పల్చగ అచ్చింది గీసారి. రంగేసినంక ఎవడు గుర్తువడ్తడు?"

"బుష్షు గుర్తువట్టింది." చేతిలోది చూపించాడు. "ఒక డబ్బా మనూరి సత్తెవ్వకు పోయింది. నిన్న బిగించిన్రట. ఇయ్యాల నాలుగింటికి వాళ్ల లైనుకు కరెంటు. మోటరు అదురుకు బుష్షు ఊడుతది. రేకు తీగను కోస్తది. డబ్బా అంతా కరెంటైతది."

"రేపు మనిషిని పంపుత. ఊకె పరేషాన్ గాకు."

"ఆమె తడి కాళ్లతోని ముడ్తది, దొరా. రేపటికి ఎవలను చూసి రావాలె?"

జలపతి రావు పేపరు మడిచి మళ్లీ విప్పాడు. ఫోను చేద్దామంటే ఊరి ఫోను తీగ తెగి నెల దాటింది. "పో మల్ల" అన్నాడు.

మొగిలయ్య పెట్టె అడుగున వెతికాడు. ఎప్పటివో సన్న గాడి బుష్షులు నాలుగు దొరికాయి. ఒకటి పల్చటి రేకు అంచుకు తొడిగి లాగి చూశాడు, రాలేదు. అవీ, వేరే సైజులవి కొన్నీ, కండే, మూతలూ, టేపూ, చాకూ, టెస్టరూ సంచిలో వేసుకుని చందుర్తి బస్సెక్కాడు.

బస్సు చందుర్తి చేరకముందే ఆగింది. రోడ్డుకు అడ్డంగా మొద్దు, పక్కన పోలీసు జీపు. అందరినీ దించారు. కానిస్టేబుల్ మొగిలయ్య సంచిని అతని తువ్వాలు మీదే కుమ్మరించాడు. నల్లటి రబ్బరు ముక్కలు, గీతలున్న కట్టె, టెస్టర్.

"ఏంది ఇవన్ని? బాంబు సామానా?"

"బొక్కలకు పెట్టేటియి సార్."

వెనక నిలబడ్డ ఆడవాళ్లు ముసిముసిగా నవ్వారు. ఎస్సై దగ్గరికి వచ్చాడు. వయసులో ఉన్నవాడు, నిద్ర లేని కళ్లు. "ఏ బొక్కలకు?"

మొగిలయ్య అటూ ఇటూ చూసి జీపు దగ్గరికి నడిచాడు. స్టీరింగు కింద రేకులోంచి ఒక తీగ బోసిగా బయటికి వస్తోంది. "గిసొంటి బొక్కలకు. మీ హారన్ ఒకసారి మోగుతది, ఒకసారి మోగది. అవునా సార్?"

ఎస్సై డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు తల ఊపాడు. మొగిలయ్య కండె దించాడు, మూడో గీత. తువ్వాలు మీద ఆ సైజుది ఒకటుంది. తీగ కొన విప్పి, బుష్షులోంచి దూర్చి, రంధ్రానికి తొడిగి, మళ్లీ బిగించాడు. అంచుకు రాసుకుపోయిన చోట టేపు చుట్టాడు. డ్రైవరు హారన్ నొక్కితే చెట్ల మీది కొంగలు లేచాయి.

"ఎందాక పోవాలె?" అన్నాడు ఎస్సై. మొగిలయ్య చెప్పాడు. "బస్సు ఇంకో గంటదాక కదలది. జీపెక్కు, దింపిస్త."

అప్పటికే మూడు. నడిస్తే మూడు మైళ్లు. జీపులో పది నిమిషాలు. కానీ పోలీసు జీపులోంచి ఊళ్లో దిగిన మనిషి గురించి మరుసటి వారం ఎవరెవరు ఏం అడుగుతారో, ఎక్కడికి పిలిపించి అడుగుతారో మొగిలయ్యకు తెలుసు. బస్సులో వాళ్లందరూ అతన్నే చూస్తున్నారు.

"నాకు జీపు పడది సార్. కక్కుకుంట."

ఎస్సై అతని ముఖంలోకి ఒక క్షణం చూశాడు. అర్థమైంది. "నడువు మల్ల" అని మొద్దు పక్కనుంచి దారి చూపించాడు.

ఎండ ఇంకా తగ్గలేదు. మొగిలయ్య రోడ్డు విడిచి గట్ల మీదుగా అడ్డం పడ్డాడు. నడక కాదు, పరుగూ కాదు. సంచి పక్కటెముకలకు కొట్టుకుంటోంది. రెండో మైలులో ఊపిరి అందక తుమ్మచెట్టు పట్టుకుని నిలబడ్డాడు. ఎడమ దవడలో సన్నగా లాగింది. నీడ పొడవు చూసి మళ్లీ కదిలాడు.

ఊరి పొలాలు మొదలవుతుండగానే మోటరు చప్పుడు వినిపించింది. కరెంటు వచ్చేసింది.

గట్టెక్కి చూస్తే సత్యవ్వ పైపు దగ్గర ఉంది. యాభై దాటిన మనిషి, చీర మోకాళ్ల దాకా దోపుకుంది. మొగుడు పోయాక దొర అమ్మిన భూమిలో ఎకరన్నర కొనుక్కుని ఒంటిగా వరి వేసింది. పైపు అతుకు ఊడి నీళ్లు చిమ్ముతున్నాయి. మోటరు ఆపడానికి ఆమె కొట్టం వైపు నడుస్తోంది. చేతులు, కాళ్లు, చీర అంతా తడి.

"సత్తెవ్వా, డబ్బా ముట్టకు."

అరుద్దామనుకుంటే గొంతు సగమే లేచింది. అయినా విన్నది. ఎత్తిన చెయ్యి దించి తిరిగి చూసింది.

"గిది మొగిలన్నేనా? గిదేంది, గిట్ల అచ్చినవ్?"

మొగిలయ్య పొడి కట్టెతో మెయిను పిడి కిందికి కొట్టాడు. మోటరు ఆగింది. టెస్టరు పెట్టి చూసి డబ్బా తెరిచాడు. బుష్షు ఊడి తీగకు గాజులా వేలాడుతోంది. తీగ తొడుగు సగం దాకా కోసుకుపోయింది. లోపలి రాగి ఇంకా బయటపడలేదు.

"సూడు" అన్నాడు. "తప్పు నాదే. రేకు మందం సూస్కోలే."

సత్యవ్వ వంగి చూసింది. "గింత పిసరు రబ్బరుకు సిరిసిల్లకెల్లి ఉరికచ్చినవా?"

"మల్ల నువ్వు ముడ్తువు గదా."

దెబ్బతిన్న ముక్క కోసేసి, తీగను సన్న గాడి బుష్షులోంచి దూర్చి, అంచుకు తొడిగి, బొటనవేళ్లతో చుట్టూ నొక్కాడు. లాగి చూశాడు. ఇంకోసారి లాగాడు. ఆలోపు సత్యవ్వ పైపు అతుకు బిగించింది. మెయిను ఎత్తి, తన తువ్వాలిచ్చి ఆమెను చేతులు తుడుచుకోమని, "నువ్వే ఒత్తు" అన్నాడు.

ఆమె అతన్ని చూసి, బటను చూసి, ఒత్తింది. నీళ్లు దూకాయి.

సత్యవ్వ ఇత్తడి చెంబు నిండా నీళ్లు పట్టి తెచ్చింది. మొగిలయ్య కొట్టం గోడకు ఆనుకుని కూర్చుని సగం తాగాడు.

"మొకం గట్లున్నదేందన్నా? పండుతవా జర?"

"ఏం లేదు. నీ పని సూస్కో. నేను జరసేపు మోటరు ఇంట."

ఆమె పార పట్టుకుని చివరి మడికి నీళ్లు మళ్లించడానికి పోయింది. మడి నిండేసరికి పొద్దు గట్టు మీదికి వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు ఒడిలో నాలుగు చిక్కుడుకాయలు తెంపుకొచ్చింది, దేవవ్వకు పంపుదామని.

మొగిలయ్య అలాగే కూర్చుని ఉన్నాడు. తల మోటరు వైపు కొద్దిగా వంగి ఉంది.

"నిద్రవోయినవా అన్నా?"

భుజం తట్టింది. చెయ్యి ఒడిలోంచి జారి మట్టి మీద పడింది. ముక్కు దగ్గర వేళ్లు పెట్టి చూసింది. ఊపిరి లేదు. చదునుగా ఉన్న ఆ బొటనవేలిని తన రెండు చేతుల్లోకి తీసుకుని ఆమె పక్కనే కూలబడింది. మోటరు ఆపాలని తోచలేదు.

అతని పక్కన చెంబులో మిగిలిన సగం నీళ్లు, మోటరు అదురుకు, గుండ్రంగా వణుకుతూనే ఉన్నాయి.