స్వరూప వంతు

నేను ఒక కొలగిన్నెను. చూడటానికి మీ ఇంట్లో పప్పు పోసుకునే స్టీలు గిన్నెలాగే ఉంటాను. తొంగిచూస్తే లోపల మూడు గీతలు కనిపిస్తాయి. ఆ గీతల కోసమే నన్ను చేశారు. ఇప్పుడు విశ్వవిద్యాలయంలో, ఆహార పోషణ విభాగం వారి గాజు బీరువాలో, పాత సామాను మధ్య కూర్చున్నాను. ఈనాటి పిల్లలు పళ్లేన్ని ఫోనుతో ఫొటో తీసి కొలుస్తున్నారట.

నేను పుట్టింది రేకుల కార్ఖానాలో. రేకును గుండ్రంగా కోసి, అచ్చులో పెట్టి ఒక్క నొక్కు నొక్కితే గిన్నెనైపోయాను. నా తోటివాళ్లు పెళ్లి బహుమతులుగా వెళ్లారు. వాళ్ల మీద పేర్లు చెక్కారు, నాలో గీతలు చెక్కారు.

విభాగంలో ఆడపిల్లలు నాతో అన్నం కొలిచి, అందులో ఎంత బలముందో లెక్కగట్టేవారు. సన్నబడాలని పొద్దున టిఫిను మానేసిన పిల్లలే గర్భిణి ఎంత తినాలో గడగడా అప్పజెప్పేవారు. గంట కొట్టగానే మిర్చి బజ్జీల కోసం క్యాంటీనుకు పరుగెత్తేవారు. మనుషులకు తెలిసినదానికీ వాళ్లు తినేదానికీ పెద్దగా పొత్తు కుదరదని నాకు అక్కడే అర్థమైంది.

ఆ పిల్లల్లో వినీల ఒకతె. చివరి ఏడాది చదువుకు ఆమె బీడీలు చుట్టేవాళ్ల వాడలో సర్వే చెయ్యాలి. తిండి చాలని గర్భిణులు ఎవరో తేలితే, కాన్పయ్యేదాకా వాళ్లకు రోజూ పాలు, గుడ్డు, ఒక పూట భోజనం విభాగమే పెట్టిస్తుంది. ఆ మాట మాత్రం ఇళ్లల్లో చెప్పవద్దన్నారు వాళ్లకు పాఠాలు చెప్పే వసుంధర మేడం. చెబితే అందరూ తిన్నది దాచి, తక్కువ చెబుతారని ఆవిడ భయం.

అలా నేను స్వరూప ఇంటికి వచ్చాను. ఆమెకు అప్పుడు ఏడో నెల. ఒళ్లో చేట పెట్టుకుని, బీడీలకు తునికాకు కత్తిరిస్తూ కూర్చుంది. పక్కన అత్త నర్సవ్వ, ఎదురుగా భర్త రాజలింగం, గడపలో పక్కింటి సత్తెమ్మ. వినీల నన్ను చూపించింది.

"అక్కా, నిన్న మధ్యాహ్నం ఈ గిన్నెతో ఎన్ని గిన్నెల అన్నం తిన్నావు?"

సత్తెమ్మ పకపకా నవ్వింది. "గిన్నె వట్టుకొని అడుక్కునేటోళ్లను జూసినం గని, తిన్నది లెక్కవెట్టేటోళ్లను ఇప్పుడే జూస్తున్నం!"

"మా కోడలా? ఇద్దరి పాలు ఒక్కతే తింటది," అంది నర్సవ్వ. కోడలికి తిండి చాలడం లేదని పరాయి పిల్ల ముందు అనిపించుకుంటే ఇంటి పరువేం కావాలి?

స్వరూప అత్త వైపు ఒకసారి చూసి, తల వంచుకుని నవ్వింది. "రెండు గిన్నెలు రాసుకో చెల్లె."

కొలిచి వండుకోవడానికని వినీల నన్ను మూడు రోజులు అక్కడే ఉంచింది. మధ్యాహ్నం స్వరూప నాతోనే వడ్డించింది. ముందు రాజలింగానికి, తరువాత మరుదులిద్దరికి, ఆపైన అత్తకు. చివరికి అన్నం వండిన గంజులో అడుగంటినదాన్ని గోకి, అందులో ఇంత గంజి పోసుకుని, పొయ్యి వైపు తిరిగి తాగింది. అది నా మొదటి గీతను కూడా అందుకోదు. నాకు గీతలైతే ఉన్నాయి గానీ, నోరు లేదు.

ఆఖరి రోజు వినీల సరిగ్గా అన్నం వేళకు వచ్చింది. ఇంటికొచ్చినవాళ్లు తినకుండా పోకూడదని నర్సవ్వ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. వద్దంటే చిన్నబుచ్చుకుంటారని వినీల తింది. చింతచిగురు పప్పు బాగుందని మెచ్చుకుని, మారు కూడా వడ్డించుకుంది.

"నువ్వూ కూర్చో అక్కా."

"నాకేం తొందర? ఎనుక తింట. నువ్వు తిను."

ఆ పిల్ల తింటున్నది ఎవరి వంతో ఆ పిల్లకు తెలియదు. ఆ పూట గంజులో గోకడానికి కూడా ఏమీ మిగల్లేదు. వినీల చెయ్యి కడుక్కుని, తడి తుడుచుకుని, స్వరూప పేరు ఎదుట మళ్లీ రెండు గిన్నెలు రాసుకుంది.

విభాగంలో ఆ లెక్క చూసి, ఈ అమ్మాయి తిండికి లోటు లేదన్నారు మేడం. పాలూ గుడ్లూ వేరే ఇళ్లకు వెళ్లాయి. పరీక్షల హడావిడిలో వినీల నన్ను వెనక్కి తీసుకెళ్లడం మరిచింది. చదువు ముగిసి సామాను అప్పజెప్పేటప్పుడు ఒక గిన్నె తక్కువైందన్నారు. నా కోసం వాడకు బయలుదేరింది.

ఆమె వచ్చేసరికి ఇంటి ముందు జనం ఉన్నారు. కాన్పులో రక్తం ఆగక స్వరూప చనిపోయింది. కొంత పోయినా తట్టుకునేంత రక్తం ఆమె ఒంట్లో ముందే లేదని ఆస్పత్రిలో అన్నారు. పసిదాన్ని ఇంకా అక్కడే ఉంచారు. ఆ రోజు పిట్టకు పెడుతున్నారు. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి విస్తట్లో పెడతారు. పిట్ట వచ్చి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినరు.

పొద్దున పొయ్యి వెలిగించగానే వచ్చింది చిక్కు.

"ఆమెకు ఏమిష్టమురా?" అని కొడుకును అడిగింది నర్సవ్వ.

"నాకేమెరుక? ఎన్నడు చెప్పలె."

"నువ్వు ఎన్నడన్న అడిగినవా?"

"నువ్వడిగినవా అవ్వా?"

వినీలను అడిగారు, అన్నీ రాసుకున్న పిల్ల కదా అని. ఆమె తల అడ్డంగా ఊపింది. ఎంత తిన్నావనే తప్ప ఏమి ఇష్టమని ఆమె అడగలేదు. చివరికి కోడికూర, చేపలు, గారెలు, పరమాన్నం అన్నీ వండారు. ఇంటి వెనక విస్తరి పరిచి, నాతో అన్నం తోడి కుప్పగా పోశారు. ఆ ఇంట్లో ముందుగా స్వరూపకు వడ్డించడం అదే మొదటిసారి.

కాకులు గోడ మీద వాలాయి గానీ కిందికి దిగలేదు. ఎండ నెత్తికెక్కింది. పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. పోయినామె మనసులో ఏదో కోరిక ఉండిపోయిందని ఎవరో గొణిగారు. అప్పుడు నర్సవ్వ లేచి, విస్తరి దగ్గర గొంతుక్కూర్చుంది.

"తినే బిడ్డా. నీ పెనిమిటి తిన్నడు. మరుదులు తిన్నరు. నేను గూడ తిన్న. అందరం తిన్నం. గిదంత నీదే. తిను."

అక్కడ ఎవరూ మెతుకు ముట్టలేదు. అయినా ఆ ముసలామె అలాగే చెప్పింది. అందరూ తిన్నారని వింటే తప్ప కోడలు తినదని ఆమెకు తెలుసు.

కాసేపటికి ఒక కాకి దిగి, ముక్క నోట కరుచుకుని ఎగిరిపోయింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మొదటి బంతిలో మగవాళ్లు కూర్చున్నారు. నర్సవ్వ నన్ను అన్నంలో ముంచింది. ఆడవాళ్లు గోడవారగా చేరి, గంజు వైపు చూస్తున్నారు. ఏమీ తినకుండా మొదటి బస్సుకు వచ్చిన వినీల కూడా వాళ్ల పక్కన కూర్చుంది.

"ఆకలైతుందా బిడ్డా?" అడిగింది సత్తెమ్మ.

"లేదక్కా, తినే వచ్చాను," అంది వినీల.