వంగే బాణాలు

కొడుకు విషయంలో సత్యదుర్గ భయపడని రోజంటూ లేదు. బహ్రెయిన్‌లోని బుసైతీన్‌లో ఆమె పనిచేసే ఇంట్లోనే కన్నబాబు డ్రైవరుగా చేరి రెండేళ్ళు కావస్తోంది. బడి నుంచి పిల్లల్ని తేవడం పది నిమిషాలు ఆలస్యమైతే కారు బోల్తా పడిందనుకునేది. రెండుసార్లు దగ్గితే క్షయ అనుకునేది.

"అక్కా, నువ్వు భయపడని రోజుంటే చెప్పు, ఆ రోజు పాయసం నేను కాస్తాను," అనేవాడు ఆ ఇంటి వంటాయన భీమేశ్వరరావు.

ఆ మార్చి నెలలో కఫీలు, అంటే వాళ్ళ వీసాలకు పూచీపడ్డ ఆ ఇంటి యజమాని, వేటకు పోతానన్నాడు. పనివాళ్ళంతా ఆయన్ని బాబా అంటారు. ఆఫ్రికాకట. తుపాకీతో కాదు, విల్లుతో. పెట్టెలోంచి తీసి చూపిస్తే సత్యదుర్గకు అది విల్లులా అనిపించలేదు. రెండు చివర్లా చక్రాలు, ఒకటికి మూడు తాళ్ళు. వెంట రెండు కట్టల బాణాలు వచ్చాయి. ఒక కట్టలోవి లావుపాటి వెండిరంగు గొట్టాలు. రెండో కట్టలోవి నల్లవి, పెన్సిలు కన్నా సన్నం. వాటితో వచ్చిన ఇంగ్లీషు కాగితాన్ని కఫీలు ఒకసారి తిప్పి చూసి అవతల పడేశాడు. కన్నబాబుది అడవి పక్క ఊరని ఆయన విన్నాడు. ఏ బాణాలు మంచివో ఏరి పెట్టమన్నాడు. తెలుసునని తలూపాడు కన్నబాబు.

నిజానికి వాడు రాజమండ్రి హాస్టల్లో పెరిగాడు. విల్లు ముట్టుకుని ఎరగడు. రెండు కట్టలూ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"ఎందుకు ఒప్పుకున్నావురా? నిన్నూ తీసుకుపోతానంటాడు. అక్కడ సింహాలుంటాయంట," అంది సత్యదుర్గ.

"సింహం బాబాని వదిలేసి నన్నెందుకు తింటాదమ్మా. నాలో ఏముంది?"

"అట్టాంటి మాటలు మాటాడకు."

"జూన్‌లో నా వీసా అయిపోతాది. ఆయన సంతకం పెట్టకపోతే ఇంటికెళ్ళి ఏం చెయ్యను? తాతతో తిరిగినదానివి నువ్వే కదా. చెప్పు, ఏవి తీమంటావు?"

తిరిగిన మాట నిజమే. అడ్డతీగల అవతల కొండల్లో ఆమె తండ్రి బాణాలు చేసేవాడు. రెల్లుకర్రలు ఏరే పని ఆడపిల్లలది. ఒక కొస నేలకు ఆనించి నడుముమీద అరచేత్తో నొక్కాలి. సమంగా వంగి మళ్ళీ తిన్నగా లేచింది మంచిది. వంగనిది మొండిది, వింటికి కొట్టుకుని పక్కకు పోతుంది. ఆ తర్వాత చెవి దగ్గర పెట్టి వంచాలి. లోపల పగులుంటే చిటుక్కుమంటుంది.

ఆమె వంటింటి గచ్చు మీద కూర్చుని ఒక్కొక్కటీ నొక్కి చూసింది. వెండివి ఎంత నొక్కినా వంగలేదు. నల్లవి పచ్చి బెత్తంలా వంగి లేచాయి. చెవి దగ్గర పెట్టి విన్నది. ఏ చప్పుడూ లేదు.

"నల్లవి. ఆ తెల్లవి మొండివి, పక్కకు పోతాయి," అంది.

ఆమె గొంతులో ఎప్పుడూ ఉండే వణుకు లేదు. భీమేశ్వరరావు గరిటె పక్కన పెట్టాడు. "ఇవాళ అక్క భయపడలేదు. సగ్గుబియ్యం ఉన్నాయో లేదో చూసుకోవాలి."

ఆమె తండ్రి విల్లును పదేళ్ళ పిల్లయినా లాగగలదు. ఆ బలానికి తగ్గవి ఆ కర్రలు; ఈ చక్రాల విల్లు బలం వేరు. ఆ సంగతి ఆమెకు ఆ క్షణాన తోచలేదు.

శుక్రవారం నమాజు అయ్యాక వెనక పెరట్లో గడ్డిమోపులు నిలబెట్టారు. "ముందు నువ్వు వెయ్యి," అన్నాడు కఫీలు. సత్యదుర్గ కిటికీలోంచి చూస్తోంది. కన్నబాబు పళ్ళు బిగించి, భుజం మెలితిప్పి నారి లాగాడు. వదిలాడు. ఎండుపుల్ల విరిగిన చప్పుడు. బాణం మోపుల దాకా పోలేదు. కన్నబాబు తన ఎడమచేతి వంక చూసుకుంటున్నాడు. నల్లటి చీలిక ఒకటి బొటనవేలి మొదట్లో దిగి మణికట్టు దగ్గర బయటికి వచ్చింది.

ఆసుపత్రిలో నరం తెగిందన్నారు. ఆపరేషన్ చేసినా ఆ వేళ్ళు ముడుచుకోవన్నారు. స్టీరింగు పట్టడం ఇక కుదరదు.

"నేనే ఏరానని బాబాతో చెప్పాను," అన్నాడు కన్నబాబు మంచంమీద నుంచి. "నువ్వు నోరెత్తకు. నీ పనన్నా నిలబడాలి."

రెండో రోజు సాయంత్రం ఆమె గావా కాఫీ పట్టుకుని, మగవాళ్ళు కూర్చునే మజ్లిసులోకి వెళ్ళేసరికి కఫీలు ప్రయాణం సామాను సర్దుతున్నాడు. మిగిలిన నల్ల బాణాలు అమ్ముల పొదిలో పెడుతున్నాడు. విరిగిన ఆ ఒక్కటే పాడుదని ఆయన లెక్క.

సత్యదుర్గ గుమ్మంలో నిలబడిపోయింది. మాట్లాడకుండా కప్పు పెట్టి వచ్చేస్తే ఆమె పనికి ఢోకా లేదు. ఆయన ఎడమచేయి ఆ పొది అంచుమీద ఉంది.

"బాబా, అవి వద్దు," అంది. "ఆ విల్లు లాగుడుకి అవి ఆగవు. ఏరింది నేను. కన్నబాబుకు ఏమీ తెలీదు."

"వాడికి తెలీదా?"

"తెలీదు బాబా."

"తెలుసన్నాడే నాతో."

తప్పు తన మీద వేసుకుందామనే వచ్చింది ఆమె. కొడుకు ఆడిన అబద్ధం బయటపెడుతున్నానని అప్పుడు తెలిసింది.

"మరి ఏవి తీసుకుపోవాలి?" అన్నాడాయన.

వెండివి గోడకు చేరేసి ఉన్నాయి. వాటి వంక చూసింది. నలభై ఏళ్ళుగా ఆమెకు నిస్సందేహంగా తెలిసిన విద్య అదొక్కటే. "నాకు తెలీదు బాబా," అంది.

ఆయన పొది బోర్లించాడు. బాణాలన్నీ తివాచీ మీద పడ్డాయి. "ఖలాస్," అన్నాడు, మెల్లగానే.

రాత్రి ఆసుపత్రిలో ఆమె పప్పన్నం కలిపి ముద్దలు పెడుతోంది. కన్నబాబు నాలుగు ముద్దలు తిన్నాడు.

"బాబా ఏమన్నా అన్నాడా?"

"గురువారం విమానానికి టిక్కెట్టు తీస్తానన్నాడు."

"నేననుకున్నదే. నువ్వు మాత్రం జాగ్రత్తగా ఉండు. ఇంటావిడతో మాట పడకు."

సత్యదుర్గ ఇంకో ముద్ద కలిపింది.

"టిక్కెట్లు ఇద్దరికీ," అంది.

కన్నబాబు ఆమె ముఖంలోకి చూసి, కట్టు కట్టిన చెయ్యి గుండె మీదికి తీసుకుని గోడ వైపు తిరిగాడు.