తడవకూడని కళ్ళజోడు

ఈతకొలను తలుపు తెరవగానే మొహాన కొట్టే ఆ వెచ్చని గాలికి నోరీన్ ముక్కు మూసుకుంటుంది. క్లోరిన్ వాసన ఒక్కటే అయితే ఓర్చుకునేదే. దాని అడుగున ఇంకో వాసన ఉంటుంది. తడి తువాళ్ళని మూటకట్టి మూలన పడేసి మర్చిపోయిన వాసన. బయట ఏప్రిల్ వచ్చినా రోడ్ల పక్కన మంచు కుప్పలు నల్లగా మురికిపట్టి ఇంకా మిగిలే ఉన్నాయి. లోపల గోడలకి మాత్రం ఎప్పుడూ చెమటే.

నోరీన్ చదివే కాలేజీలో ఈత రానివాళ్ళకి పట్టా ఇవ్వరు. కొలనుని మూడుసార్లు దాటాలి. ఒకసారి ముఖం నీళ్ళలో పెట్టి, ఒకసారి వెల్లకిలా, మూడోసారి ఎవరికి చేతనైనట్టు వాళ్ళు. అందరూ చేరిన మొదటి వారంలోనే ఆ తతంగం ముగించుకుంటారు. నోరీన్ ఏటికేడు వాయిదా వేస్తూ చివరి ఏడాది చివరి నెలదాకా తెచ్చుకుంది. ఈ సాయంత్రం తప్పితే ఇక పరీక్ష లేదు. పట్టా చేతికి రాకపోతే, సొంత ఊరి బడిలో ఖాయమైన టీచరు ఉద్యోగం కూడా రాదు.

ఆమెకి నీళ్ళంటే భయం లేదు. అసహ్యం. ఇంతమంది చంకలూ పాదాలూ నానిన నీళ్ళలో నోరు తెరవడమంటే, ఎంగిలి పళ్ళాలు కడిగిన తొట్టిలో నీళ్ళు తాగడంతో సమానం ఆమెకి.

అన్న రెమీకి ఈ సంగతంతా పెద్ద తమాషాగా ఉండేది. రెమీ తమ ఊరి ఈతకొలనులో లైఫ్‌గార్డు. పోయిన అక్టోబరులో ఆదివారం ఆదివారం కారేసుకుని వచ్చి, చెల్లెలికి ఈత నేర్పడం మొదలుపెట్టాడు. మొదటిరోజే ఆమె వేలికి ఒక పొడుగాటి వెంట్రుక చుట్టుకుంది. కెవ్వుమని అరిచి గట్టెక్కేసింది.

"పాము కరిచిందనుకున్నానే! వెంట్రుకా?"

"ఎవరిదో రెమీ! ఛీ, ఎవరిదో కూడా తెలీదు!"

"తెలిస్తే ఏం చేస్తావ్, తీసుకెళ్ళి ఇచ్చొస్తావా? పొద్దున్నే అద్దం ముందు నిలబడి దువ్వుకుని మురిసిపోయిన తలదేలే అది కూడా. దిగు."

"నువ్వు నవ్వితే నేను దిగను."

"నవ్వకపోతే నేను నేర్పలేను. దిగవే మహారాణీ."

నవంబరులో మంచు మీద కారు జారి రెమీ పోయాడు. నోరీన్ ఇంటికి చేరేసరికి తల్లి ఏం చేస్తున్నదీ తెలియని స్థితిలో అతని బట్టలూ దుప్పట్లూ దిండు గలీబులూ అన్నీ ఉతికి ఆరేసింది. ఇంట్లో అతని వాసనంటూ మిగల్లేదు. ఉతకనిది ఒకే ఒక్కటి, కారు వెనక సీటు కింద దొరికిన అతని ఈత కళ్ళజోడు. దాని రబ్బరు పట్టీ మెలికలో ఒక రాగిరంగు ఉంగరాల వెంట్రుక, అతనిదే, ఇరుక్కుని ఉంది. నోరీన్ దాన్ని ఊడదియ్యలేదు. కళ్ళజోడుని అలాగే ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, గాలి వెళ్ళకుండా నొక్కి మూసి, తన సంచీలో దాచుకుంది. అప్పటినుంచి ఆ సంచీ లేకుండా ఎక్కడికీ వెళ్ళలేదు.

చలికాలమంతా ఆమెకి ఈత నేర్పింది గదిలో తనతో ఉండే డార్సీ. వెల్లకిలా ఈదడం తొందరగానే పట్టుబడింది, ముఖం పైనే ఉంటుంది గనక. బోర్లా ఈదడమే నరకం. కళ్ళు మూసుకుంటే ఒంటికి తగిలిన ప్రతిదీ బతికున్నదానిలా అనిపించేది. అందుకని డార్సీ ఒక కొత్త కళ్ళజోడు కొనిపించింది. దానితో ఎదురుగా వచ్చేది కనిపించేది. గాయానికి అంటించుకున్న పట్టీ ఒకటి చర్మం రంగులో తేలుతూ వస్తే పక్కకి తప్పుకోవచ్చు. అలా తప్పుకుంటూ తప్పుకుంటూ, గొంతులో పుల్లటి నీళ్ళు మింగుకుంటూ, మొత్తానికి అవతలి గట్టు చేరడం నేర్చుకుంది.

ఇవాళ గట్టు మీద నిలబడి తలకి తగిలించుకోబోతుంటే ఆ కొత్త కళ్ళజోడు పట్టీ ఫట్‌మని తెగింది.

పరీక్ష పెట్టే కోచ్ హాస్కెల్ గడియారం వైపు చూసింది. "లేకుండా ఈదేయమ్మా."

"నా వల్ల కాదు కోచ్. తల పైకెత్తి ఈదొచ్చా?"

"కుదరదు. ముఖం నీళ్ళలో ఉంటేనే లెక్క. పోనీ అదిగో, జనం మర్చిపోయినవన్నీ ఆ బకెట్లో ఉన్నాయి. ఏదో ఒకటి తీసుకో."

బకెట్ అడుగున బూడిదరంగు నీళ్ళు నిలవున్నాయి. కళ్ళజోళ్ళు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని, జిగురుగా, చచ్చిన కప్పల్లా ఉన్నాయి. నోరీన్ రెండు వేళ్ళతో ఒకటి పైకి లాగింది. అద్దాల లోపలి అంచున నల్లటి బూజు. పట్టీకి పసుపుపచ్చ వెంట్రుక, ఒకటి కాదు, చిన్న ఉండ. ఆమెకి డోకు వచ్చింది.

డార్సీ చెవిలో గొణిగింది. "పిచ్చిదానా, నీ సంచీలో ఇంకో జత ఉందిగా? కవర్లో. నేను చూశాను."

"అది తడవకూడదు."

"ఈత కళ్ళజోడు తడవకూడదా? వినేవాళ్ళు నవ్విపోతారే!"

"అది రెమీది."

డార్సీ ఆమె భుజం మీద చెయ్యేసింది. నెమ్మదిగా అంది. "తనుంటే తీసి పెట్టుకోమనేవాడు నోరీ."

"అనేవాడు. నాకు తెలుసు."

సంచీ బల్ల మీదే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. ఒక్కసారి నీళ్ళలో ముంచితే చాలు, ఆ రాగి వెంట్రుక ఊడిపోయి ఈ నీళ్ళలో కలిసిపోతుంది. తర్వాత ఎవరి వేలికో చుట్టుకుంటుంది. వాళ్ళు ఛీ అని విదిలించి పారేస్తారు.

నోరీన్ బకెట్లోంచి తీసినదాన్నే కళ్ళకి పెట్టుకుంది. జిగురు కనురెప్పలకి అంటింది. తడి వెంట్రుకల ఉండ చెవి వెనక చల్లగా ఆనింది.

"సిద్ధమేనా?" అంది కోచ్.

జవాబుగా నోరు తెరిస్తే కక్కేస్తానని, తల మాత్రం ఊపి దూకింది.

బూజు అద్దాల్లోంచి ఏమీ సరిగ్గా కనిపించలేదు. తప్పుకోవడానికి వీల్లేకపోయింది. మెత్తనిదేదో పెదవికి రాసుకుని పోయింది. చెవి వెనక ఆ ఉండ ప్రతి బారకీ కదులుతోంది. తన ఒంటి మీద తనకే రోత పుట్టింది. అయినా ముఖం పైకెత్తలేదు. అవతలి గట్టు తగిలింది. వెల్లకిలా తిరిగి వెనక్కి వచ్చింది. మూడోసారీ వెల్లకిలానే దాటింది.

గట్టెక్కి నాలుగడుగులు వేసి చెత్తడబ్బాలోకి వంగి కక్కేసింది.

"నీళ్ళలో కక్కలేదు, అదే పదివేలు. పాసయ్యావు పో," అంది కోచ్.

అవతలి గట్టుకి పరిగెత్తుకొచ్చిన డార్సీ ఒక తువాలు ఆమె భుజాల చుట్టూ కప్పింది. "ఇలా ఇవ్వు, కనీసం ఆ రోత వెంట్రుకలైనా పీకేస్తా. తర్వాత పెట్టుకునేవాళ్ళు చచ్చిపోతారు."

"వద్దు, ఉండనీ."

"ఎవరివో తెలీదు కదే!"

"తెలీదు." నోరీన్ ఇవతలి గట్టుకి నడిచొచ్చి, కళ్ళజోడుని ఆ బూడిదరంగు నీళ్ళలో పడెయ్యకుండా బకెట్ అంచుకి తగిలించింది.

ఆ తర్వాత కుళాయి దగ్గర నిలబడి సబ్బుతో ముఖం తోమింది, మళ్ళీ తోమింది. చెవి వెనక చర్మం ఎర్రగా కందిపోయి మండేదాకా తోమింది. అయినా ఆ చల్లటి ఉండ అక్కడే ఆనుకుని ఉన్నట్టుంది.

"ఇక పద, ఆకలేస్తోంది," అంటూ డార్సీ సంచీ తెచ్చి ఆమెకి అందించబోయింది.

"ఆగు, నా చేతులు తడిగా ఉన్నాయి," అంది నోరీన్. రెండు చేతులూ గాల్లో చాపి, అవి పూర్తిగా ఆరేదాకా అలాగే నిలబడింది.