గిన్నెలో చివరి గుక్క

ముదిగుబ్బ దగ్గరి ఆ పల్లెలో, టీ హోటలు చూరులో ఎర్రప్ప కోసం ఒక గ్లాసు వేరేగా ఉండేది. తాగి, తానే కడిగి, మళ్లీ చూరులోనే దోపాలి. వాడలోని కొట్టం చర్చిలో మాత్రం గిన్నె ఒకటే. నెలకోసారి ప్రభురాత్రి భోజన సంస్కారం రోజు, ద్రాక్షరసం అందరూ తాగాక అడుగున మిగిలిన గుక్క పాస్టరు తాగేవాడు. ప్రభువు రక్తం నేలపాలు కాకూడదని గిన్నెను తొలిచిన నీళ్లు కూడా తాగేవాడు. ఎర్రప్ప బాప్తిస్మం తీసుకున్నది స్వర్గం కోసం కాదు, ఆ గుక్కను చూసి. తన ఎంగిలి తాగే మనిషి లోకంలో ఒకడున్నాడని.

ఆ ముసలి పాస్టరు పోయాక, రెండువేల రెండులో జోయల్ పాస్టరు వచ్చాడు. వీళ్ల కులంవాడే. ధర్మవరంలో కాపురం, ఇస్త్రీ చొక్కా, చేతిలో తెల్ల రుమాలు.

నల్లద్రాక్ష ఉడికించి రసం తీసేది ఎర్రప్ప కూతురు రెబెకా. ఆయన ఇచ్చిన మొదటి సంస్కారం ముగిశాక గిన్నె కడుగుదామని చర్చి వెనక్కి వెళ్లింది. జోయల్ పాస్టరు మిగిలిన రసాన్ని కంపచెట్టు మొదట్లో పారబోసి, కాండ్రించి ఉమ్మి, వేళ్లు తుడుచుకుంటున్నాడు.

రెబెకా గోడ చాటుకు తగ్గింది. పెద్దింటోళ్లు ఛీ అంటే అలవాటే. మనింటోడే ముక్కు మూసుకుంటే ఎవరికి చెప్పుకోవాలి? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. యేసుప్రభువు పట్టాడో లేదో గానీ రెబెకా పట్టేసింది. నాయనకు చెబితే ఆయన గుండె పగులుతుంది. చెప్పకపోతే ఈ దొంగ భక్తికి మోకరిస్తూనే ఉంటాడు. నెలంతా ఆ మాట మోస్తూనే తిరిగింది.

మళ్లీ సంస్కారం వచ్చింది. అందరికన్నా పెద్దవాడు గనక ఎర్రప్ప ఆఖర్న తాగి గిన్నె అందించాడు. పాస్టరు దానిమీద గుడ్డ కప్పబోయాడు.

"అయ్యా, ఆ గుక్క ఈడనే తాగండి" అంది రెబెకా.

"తర్వాత తాగుతాలేమ్మా."

"పోయిన నెల కంపచెట్టు మొదట్లో పోస్తాంటే చూసినా. మీరు తాగేది గూడా చూస్తా."

ఎర్రప్ప తలెత్తాడు. "ఏమ్మా, ఏం మాటలవి?"

రెబెకా పాస్టరు మీదనుంచి చూపు తిప్పలేదు. అతడు నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. గిన్నె ఎత్తి కాస్త నోట్లో పోసుకున్నాడు. గొంతు దిగలేదు. మూతి తుడుచుకుంటున్నట్టు నటించి రుమాల్లోకి ఉమ్మేశాడు. తెల్లగుడ్డ ఎర్రబడింది.

చర్చిలో ఎవరికేం అర్థమైందో గానీ, హోటలు ముందర బతుకంతా నిలబడినవాడికి ఆ మొహం కొత్త కాదు. ఎర్రప్ప లేచి పాస్టరు చేతిలోంచి గిన్నె తీసుకున్నాడు. మిగిలింది తానే తాగాడు. బయట తొట్టి దగ్గర కూర్చుని గిన్నె కడిగి, ఆ నీళ్లు కూడా తాగాడు. రెబెకా చేయి పట్టుకోబోతే వద్దన్నాడు.

తర్వాత గిన్నెను తీసుకెళ్లి చర్చి చూరులో దోపాడు.

"పదమ్మా, పోదాం" అన్నాడు.