గుల్బత్ ఖేల్‌వారి డోలు

నేను ఒక డోలును. మీ ఊళ్లలో దండోరా వేసే డప్పుకు దూరపు చుట్టాన్ని అనుకోండి. మల్బరీ మొద్దును లోపల తొలిచి, రెండు వైపులా మేకతోలు బిగించి, తాళ్లతో లాగి కడితే నేనయ్యాను. నన్ను చేసినవాడు లాల్‌మీర్. మొద్దు తొలవడానికి అతనికి ఒక చలికాలం పట్టింది, తోలు ఎండడానికి పదకొండు రోజులు. పెళ్లి విందుకు కోసిన మేక తోలు కాబట్టి నా గొంతు అంత బాగా కుదిరిందని అతను అందరికీ చెప్పుకునేవాడు. మేక ఏమనుకుందో ఎవరూ అడగలేదు.

మా ఊరు సూర్‌కమర్. పాకిస్తాన్‌కూ అఫ్ఘానిస్తాన్‌కూ నడుమ ఉన్న కొండల్లో ఒక లోయ. నూరేళ్లకు పైనే అయింది, ఎవరో దొర బల్ల ముందు కూర్చుని పటం మీద గీత గీశాడు. అది మా లోయకు అడ్డంగా పడింది. గీతకు ఇటు సూర్‌కమర్, అటు స్పిన్‌గుండై. రెండు ఊళ్లలోనూ ఉండేది ఒకటే పష్తూన్ తెగ, గుల్బత్ ఖేల్. ఏడు తరాల కిందట గుల్బత్ అనే తాత ఉండేవాడట, వీళ్లంతా ఆయన సంతానమేనట. వియ్యాలు గీత దాటి సాగేవి, పగలు కూడా అలాగే సాగేవి. గీత సంగతి నాకెవరూ చెప్పలేదు కనుక నా మోత కూడా హాయిగా అటు వెళ్లిపోయేది.

ఇంతకూ లాల్‌మీర్ గుల్బత్ ఖేల్ కాదు. ఆ కొండల్లో డోలువాళ్లకు, మంగళ్లకు తెగ ఉండదు. భూమిలో వాటా ఉన్నవాడే తెగవాడు. పెద్దలు గుండ్రంగా కూర్చుని తీర్పు చెప్పే సభను జిర్గా అంటారు, అందులో చోటు అతనికే. డోలువాణ్ణి ‘హమ్‌సాయా’ అంటారు, అంటే నీడన బతికేవాడు. అతనికి తిండి పెడతారు, అతని మీద ఎవరైనా చెయ్యి వేస్తే నీడ ఇచ్చినవాడి పరువు మీద వేసినట్టే భావించి కత్తులు దూస్తారు. కాని మీలో నేనూ ఒకణ్ణే కదా అని అతను అంటే మాత్రం నవ్వుతారు. తెగనంతటినీ ఒకచోటికి పిలిచేవాడికి తెగలో చోటు లేకపోవడం వాళ్లకెవరికీ వింతగా తోచలేదు. నాకు తోచింది, కాని నేను ఎవరైనా కొడితే తప్ప మాట్లాడలేను.

నాకు మూడు దరువులు వచ్చు. పెళ్లిది ఒకటి, ఆటది ఒకటి. మూడోది చిఘా. చిఘా మోగిందంటే తెగ ఆపదలో ఉందని అర్థం. విన్న ప్రతి ఇంటి నుంచీ ఒక మగవాడు తుపాకీ తీసుకుని పరుగెత్తుకు రావాలి. ఎవరి మీదికి, ఎందుకు అని అడగడం పిరికితనం. ఆ గుంపును లష్కర్ అంటారు. లష్కర్‌కు ద్రోహం చేసిన తెగవాడి ఇంటిని ఆ లష్కరే వచ్చి తగలబెడుతుంది, అతణ్ణి లోయ దాటిస్తుంది. చిఘా మీద వాళ్లకున్నంత నమ్మకం నాకు మనుషుల్లో ఇంకెక్కడా కనబడలేదు. వాళ్ల కొంప ముంచింది కూడా అదే.

లాల్‌మీర్ పోయాక నేను అతని కొడుకు మీర్‌బాజ్ భుజానికెక్కాను. లాల్‌మీర్‌ను తెగవాళ్ల సమాధుల గోడకు బయట, వాగు ఒడ్డున పూడ్చారు. ఏటా వరద వచ్చి ఆ రాళ్లను లాక్కుపోయేది, ఏటా మీర్‌బాజ్ వెళ్లి కొత్తవి పేర్చేవాడు. వచ్చేటప్పుడు అతని ముఖం చూడలేకపోయేవాణ్ణి. అతనికి ఉన్న కోరిక ఒక్కటే. చారెడు భూమి, జిర్గాలో ఒక మూల చోటు, పేరు ముందు తెగ పేరు. నా తోళ్లకు నెయ్యి రాస్తూ “గుల్బత్ ఖేల్ మీర్‌బాజ్” అని తనలో తాను అనుకుని మురిసిపోయేవాడు.

“నెయ్యి డోలుకు రాస్తున్నవా, పేరుకు రాస్తున్నవా?” అనేది అతని భార్య జర్మీనా. ఆమెకు నోరు ఎక్కువ, భ్రమలు తక్కువ.

ఇంతలో కొండల్లోకి తుపాకీ కుర్రాళ్లు వచ్చారు. వచ్చారనడం సరికాదు, వాళ్లు అక్కడ పుట్టినవాళ్లే. ఇటు సర్కారు మీద కాల్పులు జరిపి అటు వెళ్లి మేనత్త ఇంట్లో పడుకునేవాళ్లు కొందరు, అటు సర్కారు మీద కాల్పులు జరిపి ఇటు వచ్చి బావగారింట్లో భోంచేసేవాళ్లు కొందరు. వాళ్లను ఏ సర్కారు ఏమని పిలిచినా, ఇంటికొచ్చినవాణ్ణి లోయలో అందరూ ఫలానావాడి కొడుకనే పిలిచేవారు. అతిథి దేనికొచ్చాడని అడిగే అలవాటు ఆ ఇళ్లలో లేదు. మా వైపు గుంపుకు నాయకుడు హయాత్‌గుల్. పుట్టింది స్పిన్‌గుండైలో. మా ఊరి పెద్ద మలిక్ జర్వలి ఖాన్‌కు సొంత మేనల్లుడు. ఈ హయాత్‌గుల్ వచ్చీ రాగానే పెళ్లిళ్లలో డోలు మోగకూడదన్నాడు. మోగిస్తే వాయించినవాడి చేతులు తీయిస్తానన్నాడు. రెండేళ్లు నేను గోడకు వేలాడాను.

ఒక రోజు ఉదయం, లోయ బయటికి పోయే దారిలో ఇటు సర్కారు పెట్టిన చెక్‌పోస్టు కెప్టెన్ పన్నెండు మంది సిపాయిలతో మలిక్ ఇంటికి వచ్చాడు. తెగలో ఒక్కడు తప్పు చేసినా తెగంతా బాధ్యులేనని, అది తాతల నాటి చట్టమని గుర్తు చేశాడు. శుక్రవారంలోగా తెగే లష్కర్ లేపి హయాత్‌గుల్‌ను పట్టివ్వాలి. లేకపోతే దారి మూసేస్తారు, కనబడిన గుల్బత్ ఖేల్ మగవాణ్ణల్లా లోపలేస్తారు. మలిక్ గడ్డం సవరించుకుంటూ రెండు రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. అటు మేనల్లుడు, ఇటు ఊరు. మూడో రోజు తలదించుకుని మా గుమ్మానికి వచ్చాడు. మలిక్ అంతటివాడు డోలువాడి గుమ్మానికి రావడం నేను పుట్టాక అదే మొదలు.

“మీర్‌బాజ్, చిఘా వెయ్యాలి రా.”

“నా చేతులు పోతాయి, మలిక్ సాబ్.”

“తెలుసు. ఊరికే వెయ్యమంటలేను. వాగు పక్క చేను నీదే. తెగలో పేరు కూడా ఇప్పిస్తా. ఇది నా మాట.”

మీర్‌బాజ్ నన్ను గోడ మీద నుంచి దించాడు. భయపడుతున్నాడనుకున్నాను. తీరా చూస్తే అతని కళ్లలో నీళ్లు, ముఖంలో నవ్వు.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక అతను మలిక్ ఇంటి డాబా ఎక్కి చిఘా మోగించాడు. రెండేళ్ల ఆకలి తీర్చుకున్నట్టు నేనూ అరిచాను. పొలాల్లోంచి, దుకాణాల్లోంచి, సగం గీసిన గడ్డాలతో మంగలి దగ్గర నుంచి మగవాళ్లు పరుగెత్తుకొచ్చారు. రెండు వందల తుపాకులు పోగయ్యాయి. తన పన్నెండు మందితో చూడడానికి వచ్చిన కెప్టెన్ మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. అప్పుడు అవతలి గట్టు మీద దుమ్ము లేచింది. స్పిన్‌గుండై మగవాళ్లు గీత దాటి దిగుతున్నారు, చిఘా వాళ్లకూ వినబడింది మరి. అందరికంటే ముందు, చెప్పులు చేతపట్టుకుని, ముప్ఫై మంది కుర్రాళ్లతో రొప్పుతూ వచ్చినవాడు హయాత్‌గుల్.

“మామా! ఎవరొచ్చిర్రు మన మీదికి? ఎక్కడున్నరు?” అన్నాడు.

అతను మోసం చేయడానికి రాలేదు. డోలును నిషేధించినవాడే అయినా చిఘా వినబడితే ఎవరి మీదికని ఆలోచించే పాటి పరాయివాడు కాలేకపోయాడు. మేనల్లుడి కాళ్లు రాళ్లకు కోసుకుపోయి నెత్తురు కారుతున్నాయి, మలిక్ వాటినే చూస్తూ నిలబడ్డాడు.

“వీళ్లెవరు?” అని కెప్టెన్ అడిగాడు.

“మావాళ్లే సాబ్. పిలిస్తే వచ్చిర్రు” అన్నాడు మలిక్.

కెప్టెన్ ఒకసారి తన పన్నెండు మంది వైపు, ఒకసారి ఆ మూడు వందల తుపాకుల వైపు చూశాడు. ఇచ్చిన టీ మర్యాదగా తాగి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి తెగవాళ్లకు దారి మూతబడింది. గుల్బత్ ఖేల్ మగవాడు కనబడితే అరెస్టు.

ఇక జిర్గా కూర్చుంది. నలభై ఒక్క మంది పెద్దలు, మూడు రోజులు. తప్పు ఎవరిదో తేలాలి. మేనల్లుణ్ణి పట్టివ్వడానికి తెగను పిలిచిన మలిక్‌దంటే మలిక్ వర్గం లేస్తుంది. సర్కారును ఊరి మీదికి తెచ్చిన హయాత్‌గుల్‌దంటే స్పిన్‌గుండై లేస్తుంది. ఏ వైపు వేలు చూపినా ఏడు తరాల రక్తం రెండు ముక్కలయ్యేలా ఉంది. చివరికి సద్బర్ కాకా అనే ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

“దరువే తప్పు. వాడు డాబా మీద అటు ముఖంపెట్టి వేసిండు. ఊరి వైపు తిరిగి వేస్తే అటు వినబడకపోను.”

మూల నిలబడ్డ మీర్‌బాజ్ “నేనేసింది చిఘానే గద, కాకా” అన్నాడు.

“అందుకే గద అందరూ వచ్చిర్రు” అన్నాడు కాకా.

సభలో ఒక్కసారిగా ఊపిరి తేలికైంది. డోలువాడికి తమ్ముళ్లు లేరు, తుపాకీ లేదు, అతని తరఫున పగ తీర్చుకునేవాడు లేడు. కాని ఒక చిక్కు వచ్చింది. వీళ్లు చాలా నియమంగా బతికేవాళ్లు. లష్కర్‌ను చెడగొట్టినవాడి ఇల్లు తగలబెట్టాలి, సరే, కాని ఆ శిక్ష తెగవాడికే. హమ్‌సాయా ఇల్లు తగలబెడితే నీడ ఇచ్చిన మలిక్ పరువు తీసినట్టవుతుంది. ఆ పూటంతా తర్జనభర్జన పడ్డారు. మళ్లీ సద్బర్ కాకాయే దారి చూపాడు. మలిక్ ఎలాగూ మాట ఇచ్చాడు కదా, ముందు వాణ్ణి తెగలో చేర్చుకుందాం, తర్వాత శిక్ష వేద్దాం. మాటా నిలబడుతుంది, న్యాయమూ జరుగుతుంది. అందరూ గడ్డాలు నిమురుకుని ఆయన తెలివిని మెచ్చుకున్నారు.

మీర్‌బాజ్‌ను పిలిచి జిర్గాలో కూర్చోబెట్టారు. నలభై ఒక్క మందీ వరసగా చెయ్యి కలిపారు. పింగాణీ కప్పులో టీ ఇచ్చారు. శిక్ష ఉందని తెలిసినా ఆ కాసేపు నాకు సంతోషం కలిగిందని ఒప్పుకుంటాను. తర్వాత తీర్పు చదివారు, ఇల్లు తగలబెట్టాలి, మనిషిని లోయ దాటించాలి అని. అతను టీ పూర్తిగా తాగి కప్పు కింద పెట్టాడు.

“ఇప్పుడు నేను గుల్బత్ ఖేల్‌నేనా?”

“నువ్వు గుల్బత్ ఖేల్‌వే” అన్నాడు మలిక్, అతని కళ్లలోకి చూడకుండా.

“మీరందరూ సాక్ష్యమా?”

“సాక్ష్యమే.”

“సరే” అన్నాడు మీర్‌బాజ్.

ఇల్లు తగలబెట్టడానికి లష్కర్ రావాలి. లష్కర్ రావడానికి చిఘా మోగాలి. చిఘా వేయడం లోయ మొత్తంలో ఒక్కడికే వచ్చు. ఎవరూ అడగక ముందే మీర్‌బాజ్ నన్ను భుజాన వేసుకుని లేచాడు. అతను అంత బాగా వాయించడం నేను అంతకు ముందు ఎరగను. నా తోలు చిరిగిపోతే బాగుండునని ప్రతి దెబ్బకూ కోరుకున్నాను, కాని అది చిరగలేదు. గట్టు అవతలి నుంచి కూడా వచ్చారు. హయాత్‌గుల్ వచ్చాడు. ఇంటికొక మనిషి రావాలనే నియమం కనుక మీర్‌బాజ్ ఇంటి నుంచి మీర్‌బాజ్ వచ్చి వరసలో నిలబడ్డాడు. దూలాలు కూలేదాకా అక్కడే ఉన్నాడు.

మరునాడు ఉదయం ఒక గాడిద, రెండు పరుపులు, నేను, ఆ భార్యాభర్తలు చెక్‌పోస్టు ముందు వరసలో నిలబడ్డాం. సిపాయి చేతిలో తెగల పేర్ల కాగితం ఉంది. గుల్బత్ ఖేల్ అన్నవాణ్ణి పక్కకు లాగి చేతులు కడుతున్నాడు. మాకు ముందున్న మంగలి “మాకు తెగ లేదు సాబ్” అని చెప్పి క్షణంలో గేటు దాటాడు. జర్మీనా అది చూసింది.

“ఇదిగో, విన్నవు గద. డోలోళ్లమని చెప్పు. అంతే. ఇంకేం మాట్లాడకు.”

మా వంతు వచ్చింది. సిపాయి వయసు మళ్లినవాడు, మంచివాడు. నన్ను చూసి నవ్వాడు.

“డోలువాడివా? పో, పో” అని కర్ర పైకెత్తాడు.

మీర్‌బాజ్ కదలలేదు.

“గుల్బత్ ఖేల్, సాబ్.”

“ఏందీ? డోలు కొట్టేటోనికి ఖేల్ ఏందయ్యా? ఇది ఎవరి డోలు?”

“గుల్బత్ ఖేల్‌వారిది. నేనూ గుల్బత్ ఖేల్‌నే.”

“అబద్ధం సాబ్!” జర్మీనా ముందుకొచ్చింది. “తల తిరిగిపోయింది ఈ మనిషికి. నిన్న ఇల్లు కాలింది. మేము డోలోళ్లమే.”

“ఇల్లు కాలింది నేను గుల్బత్ ఖేల్‌ను కాబట్టే” అన్నాడు మీర్‌బాజ్ నెమ్మదిగా. “నలభై ఒక్క మంది సాక్ష్యం ఉన్నరు. రాసుకోండి సాబ్.”

జర్మీనా రెండు చేతులతో అతని వీపు మీద బాదింది. ఆ తర్వాత నా మీద కూడా ఒక దెబ్బ వేసింది, నేను మోగాను. సిపాయి ఆమె వైపు, అతని వైపు మార్చి మార్చి చూశాడు. మళ్లీ అడుగుతాను, ఆలోచించుకుని చెప్పమన్నాడు. మీర్‌బాజ్ అదే చెప్పాడు. సిపాయి నిట్టూర్చి కాగితం తీసి, పేరు రాసి, పక్కన తెగ పేరు రాశాడు.

మీర్‌బాజ్ వంగి ఆ కాగితం వైపు చూశాడు. అతనికి చదవడం రాదు. ఒక్కసారి చదివి వినిపించమని అడిగాడు. సిపాయి విసుక్కుంటూనే చదివాడు. అప్పుడు మీర్‌బాజ్ నన్ను భుజం మీద నుంచి దించి జర్మీనా పక్కన నేల మీద పెట్టి, చేతులు ముందుకు చాపాడు.